బురద నీళ్లలో క్రాపీకి ఏ ఎర కట్టాలి?

డాలస్ చుట్టుపక్కల గాలం పిచ్చి ఉన్నవాళ్లకి ఏటా వసంతంలో ఒక శనివారం ఇలా తగులుతుంది. గురువారం రాత్రి ఉరుముల వాన పడుతుంది. శనివారం తెల్లవారుజామున లేచి, ఫ్లాస్కులో టీ పోసుకుని క్రాపీ చేప కోసం లేక్ లావన్ గట్టుకు వెళ్తే, చెరువంతా ఆ టీ రంగులోనే ఉంటుంది. డబ్బా తెరిస్తే ముప్పై రంగుల జిగ్గులు, అంటే బరువైన తల ఉన్న కొక్కేనికి తొడిగిన చిన్న ఎరలు. ఏది కట్టాలి?

మొదటి రెండేళ్లూ నేను దీనికి రంగులోనే జవాబు వెతికాను. దుకాణంలో గోడ నిండా రంగులే ఉంటాయి కదా మరి. చేప పడకపోతే రంగు మార్చడం, అదీ పడకపోతే ఇంకోటి కొనడం. ఒకరోజు మా పెద్దోడు, అప్పటికి వాడికి పదేళ్లు, డాక్ మీద కూర్చుని ఒక చేత్తో చిప్సు తింటూ రెండో చేత్తో కర్రని స్తంభం పక్కన ఊరికే వేలాడదీశాడు. "రీలు తిప్పరా" అని నేను కసురుతూనే ఉన్నా. వాడు తిప్పలేదు. ఆ పూట వాడికి నాలుగు పడ్డాయి, నాకు ఒక్కటీ లేదు. ఇద్దరి దారాలకీ కట్టింది ఒకే ప్యాకెట్లోంచి తీసిన ఒకే రంగు ట్యూబు ఎర.

అప్పటినుంచీ బురద నీళ్ల ఎరల్ని రెండు రకాలుగానే చూస్తున్నాను. ఒకటి వెతికే ఎర: కదులుతూ, నీళ్లని అదరగొడుతూ చేప ఎక్కడుందో కనిపెట్టేది. రెండోది నిలిపే ఎర: చేప ఉన్నచోట దాని ముక్కు ముందు కదలకుండా ఉంచగలిగేది. ఏది కొనాలన్నది ఆ పూట మీకు ఈ రెండు పనుల్లో ఏది కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. రంగు సంగతి దాని తర్వాత.

## జెల్ల కాదిది

కొత్తవాళ్లకి ఒక్క మాటలో: క్రాపీ ఉత్తర అమెరికా మంచినీటి చేప. చందువాలాగా పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా ఉంటుంది. నోటి చర్మం కాగితంలా చిరిగిపోతుంది కాబట్టి 'పేపర్‌మౌత్' అనే పేరు కూడా ఉంది. లూజియానాలో దీన్నే సాకలే అంటారు. రెండు జాతులున్నాయి. తెల్ల క్రాపీకి ఒంటి మీద నిలువు పట్టీలు, వీపు రెక్కలో సాధారణంగా 6 ముళ్లు ఉంటాయి. నల్ల క్రాపీకి చెల్లాచెదురు మచ్చలు, 7 లేదా 8 ముళ్లు. బురదని ఓర్చుకునేది తెల్లది. నల్లదానికి తేట నీరు ఇష్టం. కాబట్టి బురద చెరువులో మీ గాలానికి పడేది చాలావరకు తెల్ల క్రాపీయే. దీని ప్రపంచ రికార్డు, 5 పౌండ్ల 3 ఔన్సుల చేప, 1957లో మిసిసిపీలోని ఈనిడ్ డ్యామ్ దగ్గర పడింది. ఆ రాష్ట్రపు వరద నియంత్రణ జలాశయాలు ఆర్కబట్లా, సార్డిస్, ఈనిడ్, గ్రెనడా నాలుగూ క్రాపీకి పేరుమోసినవే, నీళ్లు మాత్రం తరచూ మట్టి రంగే. బురద అనగానే ఇంటికి తిరిగిపోనక్కర్లేదని ఇందుకే అంటున్నా.

మనలో చాలామందిని తప్పుదారి పట్టించేది చిన్నప్పటి అనుభవమే. కాలవకి కొత్తనీరు వదిలినప్పుడు వానపామును గుచ్చి బెండు వేస్తే జెల్లలు పడేవి. ఎర్రనీళ్లలో జెల్లకి కళ్లతో పనిలేదు. మీసాలున్నాయి, వాసన పట్టుకుని వస్తుంది. ఎర ఒకచోట పడి ఉంటే చాలు. క్రాపీకి మీసాల్లేవు. అది కంటితో వేటాడే చేప, ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖతో నీటి అదురుని కూడా పసిగడుతుంది. బురద పెరిగేకొద్దీ దాని చూపు అడుగుకో, అరడుగుకో కుంచించుకుపోతుంది. అప్పుడది ఏం చేస్తుంది? ములిగిన చెట్టుకో, వంతెన స్తంభానికో అతుక్కుపోయి, ఎదురుగా వచ్చినదాన్ని మాత్రమే అందుకుంటుంది. మీరు మూడడుగుల అవతల ఎంత అందమైన ఎర ఆడించినా దానికి తెలియదు.

## ముందు బురదని కొలవండి

బురదంతా ఒకటి కాదు. గాలికి రేగిన బురద ఒక గట్టు వరకే ఉంటుంది. అటువంటప్పుడు ఎర మార్చకండి, చోటు మార్చండి: గాలి తగలని ఒడ్డుకు పోతే నీరు తేటగా ఉండొచ్చు. వాగుల్లోంచి వచ్చిన కొత్త బురద వేరు. వసంతంలో అది చల్లటి నీటిని కూడా మోసుకొస్తుంది, చేప బిగుసుకుపోతుంది. వాగు మూతికి దూరంగా పోవడం మేలు. మూడోది ఎప్పటికీ తేరుకోని బురద. లావన్ చుట్టూ ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల. మన నల్లరేగడి కుటుంబమే: ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే చెప్పుకి అతుక్కుంటుంది. ఇసుకైతే గంటల్లో అడుగుకి దిగుతుంది. ఈ బంకమట్టి రేణువులు మరీ సన్నం, రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. ఎరల గురించి బుర్ర బద్దలుకొట్టుకోవాల్సింది ఈ మూడో రకంలోనే.

కొలత తేలిక. తెల్ల జిగ్గు ఒకటి కట్టి కర్ర మొన నుంచి నీళ్లలోకి దించండి. ఎక్కడ మాయమైందో చూసి, దారం మీద ఆ చోటు వేళ్లతో పట్టుకుని పైకి తీయండి. రెండడుగులు దాటి కనిపిస్తే అది బురదే కాదు, మీ మామూలు ఎరలు మీరు వాడుకోండి. ఒకటి నుంచి రెండడుగులైతే మధ్యస్తం. అడుగు లోపలైతే ఈ వ్యాసం మీకే. అరడుగు కూడా లేకపోతే నిలిపే ఎర తప్ప వేరే దారి లేదన్నది నా అభిప్రాయం, ఆ రోజు చేపలు ఎక్కడుంటాయో మీకు ముందే తెలిసి ఉంటే తప్ప ఆశ కూడా తక్కువే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను చూసేవి నాలుగు. చేపకి ఎంత దూరం నుంచి తెలుస్తుంది? అంటే ఎంత లావుగా ఉంది, ఎంత అదురు పుట్టిస్తుంది అని. ఒకేచోట ఎంతసేపు ఉంచగలం? పుల్లల్లోంచి చిక్కుకోకుండా వస్తుందా? పోతే ఎంత పోతుంది?

మొదటి రెండూ ఒకదానితో ఒకటి పడవు. అదురు పుట్టాలంటే ఎర కదలాలి. కదిలితే చేప చూసే ఆ అడుగు మేర లోంచి రెండు సెకన్లలో దాటిపోతుంది. ఆగితే అందుతుంది గానీ దాని ఉనికి తెలియదు. మార్కెట్లో ఉన్న ప్రతి ఎరా ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట రాజీపడినదే. ఏ ఎర ఎలా ఉంటుందో పట్టిక తర్వాత చెబుతాను.

| ఎర | చేపకి తెలిసే తీరు | నిలపగలమా | పుల్లల్లో | ఎక్కువగా ఏ పనికి |
|---|---|---|---|---|
| ట్యూబ్ జిగ్ | లావు ఉంది, అదురు దాదాపు లేదు | బాగా | చిక్కుతుంది, పోయినా చవక | నిలపడం |
| కర్లీ టెయిల్ | తోక చిన్న కదలికకే ఆడుతుంది | బాగా | చిక్కుతుంది, చవక | రెండూ కొంత కొంత |
| సన్నతోక చిరుచేప ప్లాస్టిక్ | ఆకారం వల్లే, అదురు లేదు | బాగా | చిక్కుతుంది, చవక | మధ్యస్తపు నీళ్లు |
| ఈక, వెంట్రుకల జిగ్ | ఆగినా ఊపిరి పీల్చినట్టు కదులుతుంది | చాలా బాగా | చిక్కుతుంది, ధర ఎక్కువ | నిలపడం |
| రోడ్ రన్నర్ | రేకు అదురు, మెరుపు | కొంతవరకు | చిక్కుతుంది | వెతకడం |
| బీటిల్ స్పిన్ | రేకు అదురు గట్టిగా | లేదు | తీగ కొంత కాపాడుతుంది | వెతకడం |
| చిన్న క్రాంక్‌బెయిట్ | ఒళ్లంతా అదురు | లేదు | రెండు మూడుకొక్కేల గుత్తులు, కష్టం | పడవతో పెద్ద వెతుకులాట |

## నిలిపే ఎరలు

ట్యూబ్ జిగ్. లోపల బోలు, వెనక కుచ్చు. ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. నోట్లో పడగానే మెత్తగా నొక్కుకుపోతుంది, అందుకే చేప వెంటనే ఉమ్మేయదు. ఆ బోలులో వాసన గుళిక దూర్చుకోవచ్చు, ఈ సదుపాయం మిగతా ప్లాస్టిక్కుల్లో చాలావాటికి లేదు. లోపమల్లా అది మొద్దు ఎర. మీరు కదపకపోతే కుచ్చు తప్ప ఏదీ కదలదు. చేప ఎక్కడుందో ఖాయంగా తెలిసినచోట, స్తంభం పక్కన నిలువుగా దించడానికి దీన్ని మించిన చవక సరుకు లేదు. తేట నీటికి ఒకటిన్నర అంగుళం వాడేవాళ్లు బురదకి రెండంగుళాలకి పోండి. ఆ అరంగుళం లావు, ఏ కొత్త రంగుకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఈక జిగ్గులు. మారబౌ అని అమ్మేవి. ఒకప్పుడు మారబౌ కొంగ ఈకలు, ఇప్పుడు టర్కీ కోడి మెత్తటి ఈకలు. నీళ్లలో ఆగి ఉన్నా ఆ ఈకలు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటాయి. అదురు లేకుండానే ప్రాణం ఉన్నట్టు అనిపించే ఎర ఇదొక్కటే. వేగంగా లాగితే మాత్రం తడిసిన పిల్లి తోకలా సన్నబడిపోతుంది, కొన్న ప్రయోజనమే పోతుంది. జింక తోక వెంట్రుకలతో కట్టిన బక్‌టెయిల్ ఇంకాస్త బిరుసు, లావు నిలుపుకుంటుంది. రెండిట్లోనూ చేప కొరికినప్పుడల్లా ప్లాస్టిక్ కిందకి జారిందా అని సరిచూసుకునే బాధ లేదు. చలికాలంలో, నీరు 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగినప్పుడు, నా మొదటి ఎంపిక ఇదే. కానీ ములిగిన కొమ్మల్లో గంటకి ఐదు పోగొట్టుకునే చేయి మీదైతే, అలవాటయ్యేదాకా ట్యూబులతోనే ఉండండి.

సన్నతోక ప్లాస్టిక్కులు. బాబీ గార్లండ్ వాళ్ల బేబీ షాడ్ లాంటివి. క్రాపీ పట్టేవాళ్లలో సగం మంది డబ్బాల్లో ఇవే ఉంటాయి, ఉండటం న్యాయమే: రెండడుగుల చూపున్న నీళ్లలో వీటికి తిరుగులేదు. అడుగు లోపల నేను వీటిని తీయను. అందమంతా ఆ సన్నని తోక వణుకులోనే ఉంది, చూసేవాళ్లు లేనిచోట ఆ వణుకెందుకు?

కర్లీ టెయిల్. దీన్ని రెండు వర్గాల మధ్య గోడమీద కూర్చోబెడతాను. కొడవలిలా వంగిన తోక, కిందికి దిగుతున్నా ఆడుతుంది, కెరటానికి బెండు ఊగినా ఆడుతుంది. అంటే బెండు కింద నిలిపి ఉంచినా, చిన్న అలలున్న రోజున అదే పనిచేసుకుంటుంది. ఒక్క ఎరే కొంటాను అనేవాళ్లకి నా జవాబు రెండంగుళాల కర్లీ టెయిల్. ఏ పనిలోనూ మొదటి ర్యాంకు రాదు, దేంట్లోనూ ఫెయిలవదు.

## వెతికే ఎరలు

రోడ్ రన్నర్. జిగ్గు తలకిందే చిన్న రేకు తిరిగే ఏర్పాటు. 1950ల నుంచీ ఉంది, పెద్దగా మారలేదు. వెతికే ఎరల్లో నాకు ఇదే ఇష్టం. కారణం, రీలు ఎంత నిదానంగా తిప్పినా రేకు తిరుగుతూనే ఉంటుంది. పుల్ల దగ్గరకి రాగానే ఒక్క క్షణం ఆపి దించితే రేకు రెపరెపలాడుతూ దిగుతుంది. చేప కొట్టేది సాధారణంగా ఆ దిగుడులోనే. అదురు కావాలి, నిదానమూ కావాలి అనే పేచీని కొంతవరకు తీర్చిన ఎర ఇది. వెనక ఈకలున్న రకమూ, ప్లాస్టిక్ తొడుక్కునే రకమూ రెండూ దొరుకుతాయి. బురదకి గుండ్రటి కొలరాడో రేకున్నది అడగండి. ఆకులా సన్నగా పొడుగ్గా ఉండే విల్లో రేకు మెరుపుకి మంచిది, కొలరాడో అదురుకి మంచిది. ఎండపొడ లోపలికి దిగని నీళ్లలో మెరుపు ఏం చేసుకుంటాం?

బీటిల్ స్పిన్. పిన్నీసులా వంచిన తీగ, పై కొసకి రేకు, కింది కొసకి ప్లాస్టిక్ పురుగు. విసరడం, తిప్పడం, అంతే. తీగ ముందుగా పుల్లకి తగిలి కొక్కేన్ని కొంత కాపాడుతుంది. పిల్లలకీ కొత్తవాళ్లకీ విసుగు రాదు, ఎందుకంటే క్రాపీ రాకపోయినా సన్‌ఫిష్షో శాండ్ బాసో ఏదో ఒకటి పడుతుంది. ఆపితే కింద పడిపోతుంది, అదొక్కటే దీని జబ్బు. కనుక క్రాపీ ఒకటి పడిందా, ఆ చోటు గుర్తుపెట్టుకుని ట్యూబుకి మారండి. దీంతోనే ఇంకో పది పడతాయని పట్టుబట్టి నేను చాలా పొద్దులు పాడుచేసుకున్నా.

క్రాంక్‌బెయిట్. ఇక్కడ నా సిద్ధాంతానికి బొక్క పడుతుందని ఒప్పుకోవాలి. మిసిసిపీ జలాశయాల్లో ఎండాకాలం పడవ వెనక బాండిట్ 300 లాంటి రెండంగుళాల గట్టి ప్లాస్టిక్ చేపల్ని గంటకి ఒకటిన్నర, రెండు మైళ్ల వేగంతో ఈడుస్తారు. నీళ్లు మట్టిరంగులో ఉన్నా దండిగా పడతాయి. నిలపడం అనే మాటే లేదు. ఎందుకంటే ఆ నెలల్లో చేప పుల్లలు వదిలి నడిచెరువులో తేలుతూ ఉంటుంది, వెచ్చటి నీళ్లలో చురుగ్గా ఉంటుంది, అదురు విని వెంటపడి కొడుతుంది. పద్ధతి గొప్పదే. కానీ పడవ, కర్రలు నిలబెట్టే స్టాండ్లు, ఎర లోతుని దారం పొడవుతో లెక్కగట్టే రీళ్లు ఉండాలి. గట్టు మీద నిలబడి క్రాంక్‌బెయిట్ విసిరితే పుల్లలకి దానం చేయడమే.

## రంగు సంగతి ఇప్పుడు

బంకమట్టి నీళ్లలో నీలం, ఊదా వెలుగు ముందు చచ్చిపోతుంది. పసుపు, నారింజ, ఎరుపు వైపు వెలుగు ఇంకాస్త లోతుకి వెళ్తుంది. కాబట్టి నీలి మెరుపులు, ఊదా చుక్కలు, పొగరంగు అన్నీ తేట నీటి కోసం దాచుకోండి. బురదకి రెండే సూత్రాలు: వెలుగుతున్నట్టు కనిపించే రంగు, దాని పక్కనే నలుపు.

షార్ట్రూజ్ అంటే హైలైటర్ పెన్ను ఆకుపసుపు. అది ఫ్లోరసెంట్ రంగు, తన మీద పడ్డ వెలుగుని మార్చి తిరిగి ఇస్తుంది. అయితే పడటానికి కొంత వెలుగంటూ ఉండాలి. మబ్బు పట్టిన తెల్లవారుజామున దానికి ఆ బలం తగ్గుతుంది. అప్పుడు నలుపు నిలబడుతుంది. క్రాపీ కళ్లు తల పైభాగంలో ఉంటాయి, అది కింద నుంచి పైకి చూస్తుంది. పైన ఎంతోకొంత వెలుతురున్న ఆకాశానికి ఎదురుగా నల్లటి ఆకారం గీత గీసినట్టు ఆనుతుంది. అందుకే నలుపు, షార్ట్రూజ్ కలిసిన ట్యూబు ఇన్నేళ్లుగా అమ్ముడుపోతూనే ఉంది. రెండో జత నారింజ, షార్ట్రూజ్. ఎండ కాస్తున్న రోజున గులాబీ తల కూడా బాగుంటుంది. ఇంతే. మూడు రంగులు. మిగతా ఇరవయ్యేడు మిమ్మల్ని పట్టడానికి తయారుచేసినవి, చేపని కాదు.

ఎర ఎప్పుడూ చేపకి కొంచెం పైనుండాలన్నది కూడా ఆ కళ్ల వల్లే. నాలుగడుగుల లోతులో చేప ఉందనిపిస్తే మూడడుగులకి బెండు కట్టండి. కిందకి దింపేస్తే దాని చూపులోంచి తప్పించేసినట్టే.

## బరువు, దారం, వాసన

జిగ్గు బరువు విషయంలో రెండు బాధలున్నాయి. తేలికగా ఉంటే నిదానంగా దిగుతుంది, చేపకి చూసుకునే వ్యవధి దొరుకుతుంది. మరీ తేలికైతే గాలికి దారం విల్లులా వంగి, ఎర ఎక్కడుందో మీకే తెలియదు. బురదలో చోటు తప్పడం అన్నిటికంటే పెద్ద నష్టం కాబట్టి నేను బరువు వైపే మొగ్గుతాను.

- బెండు కింద, మూడడుగుల లోపు: 1/32 ఔన్సు, అంటే గ్రాముకి కాస్త తక్కువ.
- మామూలుగా అన్నిటికీ: 1/16 ఔన్సు, దాదాపు 1.8 గ్రాములు.
- గాలి ఉన్నా, పది అడుగులు దాటినా: 1/8 ఔన్సు, సుమారు మూడున్నర గ్రాములు.

దారం దగ్గర బురద మనకి మేలే చేస్తుంది. తేట నీళ్లలో కనపడుతుందని 4, 6 పౌండ్ల బరువు ఆపే సన్నదారంతో నెట్టుకొచ్చేవాళ్లు ఇక్కడ నిశ్చింతగా 8 లేదా 10 పౌండ్లు వేసుకోవచ్చు. సన్నతీగ కొక్కెం ఉన్న జిగ్గు కొనండి. పుల్లకి తగులుకున్నప్పుడు నిదానంగా లాగితే కొక్కెం తెరుచుకుని ఎర తిరిగొస్తుంది. శ్రావణంతో వంచి మళ్లీ వాడుకోవచ్చు. ఈ ఒక్క ఏర్పాటుతో నాకు జిగ్గుల ఖర్చు సగానికి సగం తగ్గింది.

వాసన గుళికలు, బర్క్‌లీ క్రాపీ నిబుల్స్ లాంటివి, పనిచేస్తాయా అని అందరూ అడుగుతారు. జెల్ల అనుభవంతో అడిగే ప్రశ్న ఇది. వాసన పట్టుకుని క్రాపీ దూరం నుంచి రాదు. నోట్లో పెట్టుకున్నాక ఇంకో క్షణం వదలకుండా ఉండటానికి సాయపడుతుందని నా నమ్మకం. బురదలో కొట్టుడు మెల్లగా, బెండు పక్కకి ఒరిగినంత మాత్రంగా ఉంటుంది కాబట్టి ఆ క్షణం విలువైనదే. ట్యూబులో ఒకటి దూర్చండి. దానికోసం ఎర ఎంపిక మార్చకండి.

## ఎవరికి ఏది

గట్టు మీద నుంచి, పిల్లలతో వెళ్లేవాళ్లకి. ఒక కర్రకి బీటిల్ స్పిన్, ఇంకోదానికి బెండు, దానికింద 1/32 కర్లీ టెయిల్. మొదటిది పిల్లలకి, రెండోది మీకు. మార్చి, ఏప్రిల్‌లో నీరు 60 డిగ్రీలు దాటాక క్రాపీ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తుంది. నీళ్లు బురదగా ఉంటే ఇంకా లోతు తక్కువచోటికి, ఒక్కోసారి మోకాలి లోతుకి కూడా వస్తుంది. గట్టు మీద వాళ్లకి బురద కలిసొచ్చే కాలం ఇదొక్కటే, వదులుకోకండి. విసురు దూరం మీద మోజు పెంచుకోవద్దు. చేప మీ కాళ్ల దగ్గరే ఉండొచ్చు.

డాక్, వంతెన స్తంభాలు అందేవాళ్లకి. రేకుల జోలికి పోకండి. చేప ఎక్కడుంటుందో స్తంభమే చెబుతోంది, ఇంక వెతకడమెందుకు? పొడుగాటి కర్ర, 1/16 జిగ్గు, నలుపు-షార్ట్రూజ్ ట్యూబు. స్తంభానికి అరడుగు దూరంలో దించి ఇరవై లెక్కపెట్టండి. అడుగు పైకి, మళ్లీ ఇరవై. నీడవైపు ముందు. నాలుగు పక్కలా అయ్యాకే తర్వాతి స్తంభం. చేతిలో చిప్సు ప్యాకెట్ ఉంటే తొందర తగ్గుతుందని మావాడి సలహా.

కయాక్ లేదా అద్దె పడవ ఉన్నవాళ్లకి. రెండు పనులూ మీవే. రోడ్ రన్నర్‌తో ములిగిన చెట్ల అంచుల వెంట నిదానంగా తిరగండి. ఒకటి తగలగానే పడవ ఆపి, ఈక జిగ్గో ట్యూబో దించండి. రెండు కర్రలు ముందే కట్టి ఉంచుకోవాలి. ముడి వేసుకుంటూ కూర్చుంటే గాలి మిమ్మల్ని ఆ చోటు నుంచి తోసేస్తుంది.

లైవ్‌స్కోప్ లాంటి సోనార్ కొన్నవాళ్లకి. అది శబ్దంతో చూస్తుంది, బురద దానికి అడ్డం కాదు. వెతికే పని తెర మీదే అయిపోతుంది కాబట్టి మీకు రేకులు, క్రాంకులు దాదాపు అనవసరం. ఎరల మీద పెట్టే డబ్బంతా నిలిపే రకాల మీద పెట్టండి. అంత ఖరీదైన పెట్టె కొన్నవాళ్లకి ఎరల ఖర్చు గురించి చెప్పడం నాకే నవ్వొస్తోంది.

ఇరవై డాలర్లలో ముగించాలనుకునేవాళ్లకి. 1/16 జిగ్గు తలలు ఒక ప్యాకెట్, నలుపు-షార్ట్రూజ్ ట్యూబులు ఒకటి, నారింజ-షార్ట్రూజ్ కర్లీ టెయిల్స్ ఒకటి. మిగిలిన డబ్బుకి ఎన్నొస్తే అన్ని రోడ్ రన్నర్లు. బెండు పాత థర్మోకోల్ ముక్కయినా ఫరవాలేదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లకి. టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లు కర్ర పట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, నాన్నగారు నాలుగు రోజులకి వచ్చినా సరే. స్టేట్ పార్కుల్లో గట్టు నుంచో పియర్ నుంచో పట్టేటప్పుడు మాత్రం అక్కర్లేదు, వాళ్లని అక్కడికే తీసుకెళ్లండి. ఆయనకి రోడ్ రన్నర్ ఇవ్వకండి, బెండు ఇవ్వండి. కాలవ గట్టు మీద అరవై ఏళ్ల కిందట నేర్చుకున్న ఓపిక అది, బెండు ఒరిగే తీరు మనకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. కింద వానపాము లేదని, ప్లాస్టిక్ ముక్క ఉందని మాత్రం నమ్మించాల్సి వస్తుంది. రాష్ట్రంలో చాలా చెరువుల్లో రోజుకి మనిషికి 25 క్రాపీలు, పొడవు 10 అంగుళాలకి తగ్గకూడదు. కొన్నింటికి వేరే లెక్కలున్నాయి, వెళ్లేముందు ఆ చెరువు నిబంధన చూసుకోండి. తొమ్మిదిన్నర అంగుళాల చేపని తిరిగి నీళ్లలోకి వదలమన్నప్పుడు మా నాన్న నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.